పరీక్ష రోగి మంచం దగ్గరికి వచ్చిన తరువాత: నాణ్యతా నియంత్రణ చరిత్రలో ఒక అధ్యాయం

ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో తెల్లవారుజామున నర్సు షుగర్ మిషన్ పట్టుకుని మంచం మంచానికీ తిరగడం మీరు చూసే ఉంటారు. వేలి కొసన చిన్న పోటు, ఒక రక్తపు బొట్టు, ఒక స్ట్రిప్, కొద్ది సెకన్లలో తెర మీద ఒక అంకె. ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు ఇవ్వాలో ఆ అంకెను బట్టే నిర్ణయిస్తారు. రోగి రక్తంలో చక్కెర నిజానికి 90 ఉండగా మిషన్ 240 అని చూపిందనుకోండి. అక్కర్లేని ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్తుంది. రోగి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు.

మరి ఆ అంకె తప్పయితే పట్టుకునేది ఎవరు? ఈ వ్యాసంలో మనం చర్చించే ప్రశ్న ఇదే. ఈ పని కృత్రిమ మేధకు అప్పగించాలని ఇప్పుడు అనేక దేశాలలో ప్రయత్నాలు జరుగుతున్నాయి. పత్రికలు వాటిని నిన్న మొన్న పుట్టిన వింతగా రాస్తాయి. చరిత్ర విద్యార్థులుగా మనం దాన్ని నూరేళ్ళ కథలో తాజా మలుపుగా చూడాలి. ఈ కథలో పెద్ద భాగం అమెరికాలో నడిచినా, దాని చివరి ఘట్టం అర్థం చేసుకోవడానికి సంగారెడ్డి – పటాన్‌చెరు ప్రాంతం మనకు బాగా పనికివస్తుంది. కంపెనీల 'క్యూసీ', జిల్లా ఆసుపత్రి ప్రయోగశాల, ఐఐటీ పరిశోధన – మూడూ ఇక్కడ ఒకే జిల్లాలో ఉన్నాయి.

కంపెనీలో పుట్టిన గీత

1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ వచ్చాయి. ఆ తరువాతి దశాబ్దాలలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం ప్రాంతాలు బల్క్ డ్రగ్ కంపెనీలతో నిండిపోయాయి. ఇక్కడ బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన కుర్రవాణ్ణి ఏం చేస్తున్నావని అడిగితే "ఫార్మాలో, క్యూసీ" అనడం మామూలు. మీలో కొందరు అదే ఉద్యోగంలో షిఫ్టు దిగివచ్చి ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. మీరు రోజూ చూసే కంట్రోల్ చార్టు ఎక్కడ పుట్టిందో ముందుగా తెలుసుకుందాం.

1924 మే 16న అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో వాల్టర్ షూహార్ట్ అనే ఇంజనీరు తన పై అధికారికి ఒక చిన్న లేఖ పంపాడు. అందులో ఒక బొమ్మ ఉంది: మధ్యలో సగటును సూచించే అడ్డగీత, పైనా కిందా హద్దుగీతలు, వాటి మధ్య చుక్కలు. ఆ కంపెనీ టెలిఫోన్ పరికరాలు తయారుచేసేది. ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒకేలా రావు, కొద్దిపాటి తేడా సహజం. ఆ సహజమైన తేడాను దాటి ఏదైనా జరిగిందా అన్నది గీతలే చెప్తాయి. చుక్క హద్దులో ఉంటే పని సాగించు, దాటితే ఆపి కారణం వెతుకు. సూత్రం ఇంతే.

1947–48లో పి.సి. మహలనోబిస్ ఆహ్వానం మీద షూహార్ట్ భారతదేశానికి వచ్చాడు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా ఈ పద్ధతి మన కర్మాగారాలకు పాకింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు అప్పటికే ఆ సంస్థలో పనిచేస్తున్నారు. ఒక్కొక్క కొలతను విడివిడిగా చూస్తే కనిపించని తేడా, అనేక కొలతలను కలిపి చూస్తే బయటపడుతుందన్నది మహలనోబిస్, రావు ఇద్దరి పరిశోధనలోనూ ముఖ్యమైన భావన. కృత్రిమ మేధ దగ్గరికి వచ్చేసరికి ఈ భావన మళ్ళీ కనిపిస్తుంది.

కంపెనీ క్యూసీలో మరొక వెసులుబాటు ఉంది. ప్రతి బ్యాచ్ నుంచి కొంత మందును తీసి దాచిపెడతారు. రెండేళ్ళ తరువాత ఫిర్యాదు వచ్చినా ఆ శాంపిల్‌ను మళ్ళీ పరీక్షించవచ్చు. మంచం పక్కన చేసే పరీక్షకు లేనిది సరిగ్గా ఇదే.

గీత ఆసుపత్రికి చేరడం

ఆసుపత్రి ప్రయోగశాలలు ఇచ్చే ఫలితాలను 1940ల దాకా ఎవరూ పెద్దగా అనుమానించలేదు. 1947లో బెల్క్, సండర్మన్ అనే ఇద్దరు వైద్యులు అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులకు ఒకే రకం నమూనాలను పంపి జవాబులు తెప్పించారు. ఒకే సీసాలోని ద్రవానికి ఒక్కో ఆసుపత్రి ఒక్కో అంకె చెప్పింది. కొన్ని జవాబులు వైద్యానికి పనికిరానంత దూరంగా ఉన్నాయి. బయటివారు నమూనాలు పంపి ప్రయోగశాలను పరీక్షించే పద్ధతి ఇలా ఊపందుకుంది. మన దేశంలో దశాబ్దాలుగా ఈ పని చేస్తున్న సంస్థలలో వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ప్రముఖమైనది. రాయలసీమ రోగులు 'రాయవేలూరు ఆసుపత్రి' అని పిలుచుకునేది దాన్నే.

1950లో లెవీ, జెన్నింగ్స్ షూహార్ట్ చార్టును ఆసుపత్రి ప్రయోగశాలకు తెచ్చారు. విలువ ముందే తెలిసిన ద్రావణాన్ని రోజూ రోగుల నమూనాలతో పాటు పరీక్షించి, వచ్చిన అంకెను చార్టు మీద చుక్కగా పెట్టాలి. ఉదాహరణకు కంట్రోల్ ద్రావణంలో గ్లూకోజు సగటు 100, ప్రామాణిక విచలనం 3 అనుకుందాం. 94 నుంచి 106 దాకా మొదటి హద్దు, 91 నుంచి 109 దాకా రెండవ హద్దు. 1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్ దీనికి మరికొన్ని నియమాలు చేర్చాడు. రెండవ హద్దును ఒక్క చుక్క దాటినా ఆపాలి. వరుసగా రెండు చుక్కలు ఒకే వైపున మొదటి హద్దు దాటినా ఆపాలి. అంతేకాదు, పది చుక్కలు వరుసగా సగటుకు ఒకే వైపున పడితే, ఏదీ హద్దు దాటకపోయినా, యంత్రం మెల్లగా ఒరుగుతున్నదని గ్రహించాలి. ఈ చివరి నియమం నాకు చాలా ఇష్టం. తప్పు జరగకముందే దాని నడక పట్టుకుంటుంది.

ఇంతకన్నా తెలివైన ఆలోచన మరొకటి 1965లో వచ్చింది. కంట్రోల్ ద్రావణం కొనడం దేనికి, రోగుల ఫలితాలనే కంట్రోల్‌గా వాడవచ్చు కదా అని హాఫ్‌మన్, వెయిడ్ ప్రతిపాదించారు. వందల మంది రోగుల సోడియం సగటు సాధారణంగా రోజుకో రకంగా మారదు. ఒకరోజు ఆ సగటు జరిగిందంటే, ఊరంతా ఒక్కసారి మారిపోయిందనడం కన్నా యంత్రం మారిందనడం సబబు. 1974లో బుల్ అనే శాస్త్రవేత్త ఈ సూత్రాన్ని రక్తకణాల లెక్కింపుకు అన్వయించి, ఇరవై ఇరవై మంది రోగుల ఫలితాలను ఒక గుంపుగా చూసే పద్ధతి తయారుచేశాడు. ఇప్పుడు కృత్రిమ మేధ పేరుతో వస్తున్న నాణ్యతా నియంత్రణ పద్ధతులలో చాలా వాటికి తాతముత్తాతలు ఈ రెండే.

స్ట్రిప్ వచ్చింది, కాపలా రాలేదు

ప్రయోగశాలలో కాపలా ఇలా బలపడుతున్న కాలంలోనే పరీక్ష అక్కడి నుంచి బయటికి నడవడం మొదలుపెట్టింది. మూత్రంలో చక్కెర ఉందో లేదో తెలుసుకోవడానికి బెనెడిక్ట్ ద్రావణం కలిపి వేడిచేయడం, నీలం రంగు ఇటుక ఎరుపుకు మారడం మీరు ఇంటర్మీడియట్‌లో చేసే ఉంటారు. 1956లో ఏమ్స్ కంపెనీ ముంచి చూసే 'క్లినిస్టిక్స్' పట్టీని తెచ్చింది. హెలెన్ ఫ్రీ, ఆల్ఫ్రెడ్ ఫ్రీ దంపతుల కృషి అది. 1960ల మధ్యలో రక్తం బొట్టు వేసే 'డెక్స్‌ట్రోస్టిక్స్' వచ్చింది. దాని రంగును కంటితో పోల్చి చూడాలి. 1970లో ఆ రంగును చదివే మీటరు వచ్చింది, కిలోకు పైగా బరువుతో. అక్కడి నుంచి జేబులో పట్టే నేటి మిషన్ దాకా, గర్భనిర్ధారణ పట్టీ, మలేరియా పట్టీ, కోవిడ్ పట్టీ దాకా కథ మీకు తెలిసినదే.

ఇక్కడ జరిగిన మార్పును జాగ్రత్తగా గమనించండి. ప్రయోగశాలలో ఒకే యంత్రం, ఒకే సీసా రసాయనం వందల నమూనాలను పరీక్షిస్తుంది. ఉదయం కంట్రోల్ సరిగా వస్తే ఆ రోజు ఫలితాల మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. స్ట్రిప్ విషయం అలా కాదు. ప్రతి స్ట్రిప్ తనకు తానే ఒక చిన్న ప్రయోగశాల, ఒక్కసారికే పుట్టి చచ్చే ప్రయోగశాల. కంట్రోల్ ద్రావణం వేసి చూసిన స్ట్రిప్ బాగానే ఉండవచ్చు. రోగికి వాడేది దాని పక్కది. వాడిన తరువాత స్ట్రిప్, దాని మీది బొట్టు రెండూ చెత్తబుట్టలోకే. దాచిన శాంపిల్ ఉండదు, అప్పీలు ఉండదు.

పైగా కొన్ని తప్పులు కంట్రోల్ ద్రావణానికి అసలే కనిపించవు. ఒక రకం ఎంజైము వాడిన స్ట్రిప్‌లు గ్లూకోజుకూ మాల్టోజుకూ తేడా తెలుసుకోలేకపోయేవి. పొట్టలోకి ద్రవం పంపి చేసే డయాలసిస్‌లో వాడే ఒక ద్రావణం ఒంట్లో మాల్టోజుగా మారుతుంది. ఆ రోగులకు మిషన్ లేని చక్కెరను చూపింది, ఇన్సులిన్ ఇచ్చారు. 1997 నుంచి 2009 దాకా ఇలాంటి 13 మరణాలు తమ దృష్టికి వచ్చాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2009లో ప్రకటించింది. మిషన్ చెడిపోలేదు. కంట్రోల్ వేసి చూస్తే సరిగ్గానే వచ్చేది. రోగి రక్తంలో ఉన్నది కంట్రోల్ సీసాలో లేదు, అంతే తేడా.

మన దగ్గర ఇంతకన్నా మామూలు కారణం ఒకటుంది: రక్తహీనత. ఎర్రకణాలు తక్కువగా ఉన్న రక్తంలో చాలా రకాల స్ట్రిప్‌లు చక్కెరను ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతాయి. దాన్ని సరిదిద్దుకునే మీటర్లు వచ్చాయి కానీ అన్నీ అలాంటివి కావు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ళ మహిళల్లో సగం కన్నా ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. వేరే దేశంలో, వేరే రక్తం మీద ప్రమాణీకరించిన మిషన్ ఇక్కడి తల్లి వేలి దగ్గర ఎలా ప్రవర్తిస్తుందన్నది ఊరికే అడిగే ప్రశ్న కాదు. దీనికి మన ఎండ తోడు. స్ట్రిప్ డబ్బాను సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచమంటారు. మే నెలలో రేకుల గదిలోనో, ఆశా కార్యకర్త సంచిలోనో అది ఎంత వేడెక్కుతుందో మీరే ఊహించండి.

2020 ఏప్రిల్‌లో దేశమంతా ఈ పాఠం ఒక్కసారిగా నేర్చుకుంది. చైనా నుంచి తెప్పించిన కోవిడ్ యాంటీబాడీ పట్టీల మీద రాష్ట్రాలు ఫిర్యాదు చేయడంతో వాటి వాడకాన్ని తాత్కాలికంగా ఆపమని భారత వైద్య పరిశోధన మండలి 21న చెప్పింది. పరిశీలించిన మీదట రెండు కంపెనీల కిట్లను తిప్పి పంపమని 27న ఆదేశించింది. పెట్టెలు జిల్లాలకు చేరాక జరిగిన నాణ్యతా నియంత్రణ అది.

ఒకే జిల్లా, రెండు దారులు

పరీక్షను పేదవాడికి దగ్గర చేయాలంటే రెండు మార్గాలున్నాయి. నమూనాను ప్రయోగశాలకు పంపడం ఒకటి, ప్రయోగశాలను నమూనా దగ్గరికి పంపడం రెండవది. సంగారెడ్డి జిల్లాలో ఈ రెండూ దాదాపు ఒకే కాలంలో జరిగాయి.

మొదటి దారి ప్రభుత్వానిది. 2018లో హైదరాబాదు నారాయణగూడలో మొదలైన 'తెలంగాణ డయాగ్నస్టిక్స్' పథకం 2021 జూన్‌లో 19 జిల్లా కేంద్రాలకు విస్తరించింది. వాటిలో సంగారెడ్డి ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో తీసిన రక్తం వాహనంలో జిల్లా కేంద్రానికి వెళ్తుంది. 57 రకాల పరీక్షలు ఉచితమని అప్పట్లో ప్రకటించారు. ఇందులో కాపలా బలంగా ఉంటుంది, ఎందుకంటే చూడవలసిన యంత్రాలు కొన్నే. రోగి ఫలితం కోసం ఆగాలి, అదొక్కటే నష్టం. అయితే స్పృహ తప్పిన మధుమేహ రోగికి ఆ ఆగడమే ప్రమాదం. కాబట్టి రెండవ దారి లేకుండా గడవదు.

రెండవ దారిలో నడిచింది కందిలోని ఐఐటీ హైదరాబాద్. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలైన ఈ సంస్థ తరువాత కందికి తరలింది. 2018లో ప్రొఫెసర్ శివ్ గోవింద్ సింగ్ బృందం పాల కల్తీని పట్టే పద్ధతి ఒకటి ప్రకటించింది. పాల ఆమ్లత్వాన్ని బట్టి రంగు మారే పట్టీని పాలలో ముంచి, సెల్‌ఫోన్ కెమెరాతో ఫొటో తీస్తే, మెషిన్ లెర్నింగ్ అల్గారిదం ఆ రంగును చదువుతుంది. 99.71 శాతం కచ్చితత్వం వచ్చిందని వారు తెలిపారు. వైద్యపరీక్ష గురించి మాట్లాడుతూ పాల గురించి ఎందుకంటే, 1960లలో డెక్స్‌ట్రోస్టిక్స్ రంగును కంటితో పోల్చిన నర్సు కష్టమే ఇదీ. వెలుతురు మారితే రంగు మారుతుంది, చూసే మనిషి మారితే పేరు మారుతుంది. ఆ తీర్పును మనిషి కంటి నుంచి తప్పించడం ఇక్కడ జరిగిన పని.

2020లో అదే ప్రొఫెసర్ బృందం, ఆర్టీపీసీఆర్ అవసరం లేకుండా నిమిషాల్లో ఫలితమిచ్చే కోవిడ్ పరీక్షా కిట్‌ను ప్రకటించింది. 'కోవిహోమ్' అని పేరు పెట్టిన రూపంలో ఫలితాన్ని తేల్చడానికి కృత్రిమ మేధను వాడారు. 2021లో హైదరాబాదులోని సీసీఎంబీలో జరిగిన పరిశీలనలో సున్నితత్వం 91.3 శాతం, నిర్దిష్టత 98.2 శాతం వచ్చాయని ఐఐటీ తెలిపింది. ఈ అంకెలను చదవడం నేర్చుకోండి. వ్యాధి ఉన్న వందమందిలో సుమారు తొమ్మిదిమందిని పరీక్ష గుర్తించలేదు. వ్యాధి లేని వందమందిలో దాదాపు ఇద్దరికి ఉందని చెప్పింది. ఇది కిట్టు ప్రయోగశాలలో, నిపుణుల చేతిలో ఉన్నప్పటి లెక్క. ఇంట్లో, మే ఎండలో, ఆరు నెలల తరువాత ఎంత ఉంటుందన్నది ఈ అంకెల్లో లేదు. నాణ్యతా నియంత్రణ మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

కొత్త కాపలాదారు

ఇంతకీ కృత్రిమ మేధ ఏమి చేయగలదు? దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లో జరిగిన పనిని చూద్దాం. అక్కడ క్షేత్రంలో చేసిన హెచ్ఐవీ పట్టీల ఫొటోలు 11 వేలకు పైగా సేకరించి ఒక న్యూరల్ నెట్‌వర్కుకు నేర్పారు. 2021లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, నర్సులు, కొత్తగా శిక్షణ పొందిన కార్యకర్తలు కంటితో చదివినప్పుడు 92.1 శాతం, యంత్రం చదివినప్పుడు 98.9 శాతం సరిపోయాయి. క్షేత్రంలో యంత్రాన్ని ప్రయత్నించిన వారు కొద్దిమందే అన్నది మరువవద్దు. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆ శాతం కన్నా ఫొటో. చెత్తబుట్టలోకి పోయే పట్టీకి ఇప్పుడు ఒక ఆనవాలు మిగిలింది. ఫార్మా కంపెనీ దాచే శాంపిల్‌కు ఇది పేద చుట్టం. బొట్టు చాలలేదా, ఆలస్యంగా చదివారా, కంట్రోల్ గీత పాలిపోయిందా అని తరువాత ఎవరైనా చూడగలరు. అదే మీటరైతే విద్యుత్ సంకేతం ఎలా పెరిగి ఎలా తగ్గిందో ఆ వంపు మొత్తాన్ని దాచవచ్చు. చివరి అంకె మామూలుగా ఉన్నా వంపు వంకరగా ఉంటే అనుమానించవచ్చు. అనేక కొలతలను కలిపి చూడాలన్న మహలనోబిస్, రావుల ఆలోచన ఇక్కడ పనిలోకి దిగుతుంది.

రెండవ ఉపయోగం హాఫ్‌మన్, వెయిడ్ దారిలోది. జిల్లాలోని మీటర్లన్నీ ఒక వ్యవస్థకు కలిసి ఉంటే, ఏ మీటరు సగటు మిగతావాటి నుంచి జరుగుతున్నదో యంత్రం గమనించగలదు. ఒక లాటు స్ట్రిప్‌లు వాడిన ఊళ్ళన్నిటిలో చక్కెర ఒకేసారి పెరిగితే తప్పు ఊళ్ళది కాదని చెప్పగలదు.

కానీ ఇక్కడే చిక్కు కూడా ఉంది. బుల్ పద్ధతికి ఇరవైమంది రోగులు కావాలి. పెద్ద ప్రయోగశాలలో అది కొద్ది నిమిషాల పని. చిన్న ఆరోగ్య కేంద్రంలో కొన్నిసార్లు రెండు రోజులు పడుతుంది. ఈలోగా మిషన్ తప్పు చెప్తూనే ఉంటుంది. మరొకటి: ఒక కేంద్రంలో వారానికి ఒకరోజు బీపీ, షుగర్ రోగులనే చూస్తారనుకోండి. ఆ రోజు చక్కెర సగటు 130 నుంచి 190కి ఎగబాకుతుంది. రోజు స్వభావం తెలియని అల్గారిదం మిషన్ చెడిందని గంట కొడుతుంది. నాలుగు వారాలు ఉత్తుత్తి గంట కొడితే అయిదవ వారం నర్సు దాన్ని పట్టించుకోదు. ఇంకో విషయం, ఈ రంగంలో వచ్చిన అధ్యయనాలు చాలావరకు పాత ఫలితాలలోకి కావాలని తప్పులు చొప్పించి, యంత్రం పట్టుకుంటుందా అని చూసినవే. నిజమైన తప్పులు అంత బుద్ధిగా రావు. రక్తహీనత వంటి తప్పయితే మరీ కష్టం. ఒక ప్రాంతం రోగులందరిలో అది మొదటి నుంచీ ఉంటే యంత్రం దాన్నే 'మామూలు' అని నేర్చుకుంటుంది. ఆ తప్పును పట్టడానికి అప్పుడప్పుడు అదే రోగి రక్తాన్ని సంగారెడ్డి కేంద్రానికి పంపి రెండు అంకెలనూ పోల్చడం తప్ప దగ్గరి దారి లేదు. మొదటి దారి ఉంటేనే రెండవ దారి నిలుస్తుందన్నది నా అభిప్రాయం.

చట్టం సంగతి క్లుప్తంగా. 2017 వైద్య పరికరాల నిబంధనలు పరీక్షా కిట్లకు వర్తిస్తాయి. 2020 ఏప్రిల్ నుంచి వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరం నిర్వచనంలోకి వచ్చింది. మంచం పక్క పరీక్షలకు విడిగా ఉన్న అంతర్జాతీయ ప్రమాణాన్ని 2022లో ప్రయోగశాలల ప్రమాణంలోనే కలిపేశారు. పటాన్‌చెరు దగ్గర సుల్తాన్‌పూర్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన వైద్య పరికరాల పార్కులోని తయారీదారులకు ఇవన్నీ నిత్యవ్యవహారం. గంట మోగినప్పుడు మిషన్‌ను పక్కన పెట్టే అధికారం వార్డులో ఎవరికి ఉండాలన్నది మాత్రం ఆ ఆసుపత్రి నిర్ణయించి, కాగితం మీద రాసుకోవలసిందే.

అభ్యాసం

ఒక ఆరోగ్య కేంద్రంలో షుగర్ మిషన్‌కు రోజూ ఒకసారి కంట్రోల్ ద్రావణం వేసి చూశారనుకోండి. సగటు 100, ప్రామాణిక విచలనం 3. పన్నెండు రోజుల అంకెలు వరుసగా: 101, 98, 103, 104, 102, 105, 103, 104, 102, 103, 101, 104. గ్రాఫు కాగితం మీద గీతలు గీసి చుక్కలు పెట్టండి. ఏ ఒక్క రోజూ 106 దాటలేదు. అయినా మిషన్‌ను పక్కన పెట్టవలసిన రోజు ఒకటి ఉంది. అది ఏ రోజో, వెస్ట్‌గార్డ్ నియమాలలో దేని ప్రకారమో రాయండి. ఆ తరువాత, మూడవ రోజు ఉదయం ఏమి మారి ఉండవచ్చో తెలుసుకోవడానికి అక్కడి నర్సును మీరు అడిగే మూడు ప్రశ్నలు రాయండి.